మూసుకోని గొడుగు

"ఈ క్షణం నుంచి ఈ సంస్థలో తప్పు చేయడం ప్రతి ఉద్యోగి జన్మహక్కు!"

కత్తిరింపుల బల్ల మీద నిలబడి కొత్తాయన ఈ మాట ప్రకటించగానే గొడుగుల కంపెనీ కుట్టుహాలులో మిషన్లన్నీ ఆగిపోయాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొడితే తప్పో, కొట్టకపోతే తప్పో తెలియలేదు. తప్పయితే మంచిదో, ఒప్పయితే మంచిదో అసలే తెలియలేదు! అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి అలవాటు ప్రకారం మేనేజరు మొహం చూశారు.

మేనేజరు చప్పట్లు కొట్టాడు. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత కొత్తాయన తన వైపు చూసేదాకా.

ఆ మేనేజరుకి కంపెనీలో అందరూ పెట్టుకున్న పేరు 'సర్దుబాటు'. జీతం ఆలస్యమైతే "సర్దుకుపోదాం" అన్నాడు. కప్పు కారితే "కాస్త సర్దుకుందాం" అని మిషన్లని పక్కకి జరిపించాడు. ఎవరి మాటా ఎన్నడూ కాదనలేదు, ఎవరికీ ఎదురు చెప్పలేదు. అటువంటి మనిషికి శత్రువులుండరు. ఉన్న ఒక్క ఇబ్బందీ ఏమిటంటే, ఆయన అభిప్రాయమేమిటో ఆయనకే తెలియదు.

ఇంతకీ జరిగిందేమిటంటే, పెట్టెల కంపెనీవాళ్ళు గొడుగుల కంపెనీని కొనేశారు. అయితే ఆ మాట అనకూడదు. "కొనడమేమిటి? మనం కలిశాం. ఇది కలయిక" అన్నారు కొత్తాయన. గేటు దగ్గర వాచ్‌మన్ పాపం అలవాటులో పొరపాటున "మమ్మల్ని కొన్న సారు వచ్చారు" అని లోపలికి కేకేసినందుకు మూడు గంటలపాటు కలయిక మీద పాఠం విన్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా "కలిసిన సారు వచ్చారు" అనడం మొదలుపెట్టాడు. పాలవాడొచ్చినా అదే కేక!

పాతాయన, అంటే కంపెనీ పెట్టినాయన, ఉన్న రోజుల్లో అక్కడ ఒకే ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా తప్పు చేస్తే ఆయన హాలు మధ్యకొచ్చి తిట్టేవారు. ఆ తిట్లకి గోడమీది గడియారం కూడా ఒక క్షణం తటపటాయించేదని చెప్పుకుంటారు. సరిగ్గా అరగంట తర్వాత తిట్లు తిన్నవాళ్ళ బల్ల మీదికి ఒక కప్పు టీ వచ్చేది. ఆయన సొంత కప్పులో, ఆయన గది నుంచి. టీ వచ్చిందంటే విషయం ముగిసినట్టు, ఉద్యోగం ఉన్నట్టు. ఆ టీ తాగనివాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ లేరు, ఒక్క సర్దుబాటు తప్ప. తిట్టించుకోవాలంటే ముందు తనంతట తనే ఏదో ఒకటి చెయ్యాలి కదా!

కొత్తాయన ఎవర్నీ తిట్టరు. నవ్వుతారు. "సంస్కృతి అనేది పైనుంచి కిందికి ప్రవహిస్తుంది. నాయకుడే సంస్కృతి!" అని గోడమీద పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ హాల్లో అప్పటిదాకా పైనుంచి కిందికి ప్రవహించింది వాన నీరొక్కటే కాబట్టి అందరూ ఆ మాటని శ్రద్ధగా చదివి, బోర్డు కింద ఎందుకైనా మంచిదని బకెట్టు పెట్టారు.

ఇక మేనేజరు కుర్చీ సంగతి. కలిసిన రెండు కంపెనీలకీ ఇద్దరు మేనేజర్లున్నారు. కుర్చీ ఒక్కటే. పెట్టెల వైపు మేనేజరు పేరు 'ఇస్త్రీ'. ఆయన చొక్కా మీద పొద్దున ఉన్న మడత సాయంత్రం దాకా అక్కడే ఉండేది. మాట మీద మాత్రం మడతలు పడుతూ ఉండేవి. వర్షాకాలం ముగిసేలోగా ఇద్దరిలో ఎవరు 'కొత్త సంస్కృతి'ని బాగా ఒంటబట్టించుకుంటారో వాళ్ళకే కుర్చీ అని కొత్తాయన చెప్పారు. కుర్చీ పోతే ఈ వయసులో తనను ఇంకెవరు తీసుకుంటారు? ఇన్నేళ్ళు సర్దుకుపోయింది ఇందుకేనా? సర్దుబాటుకి నిద్ర పట్టడం మానేసింది.

సోమవారం సోమవారం 'మనసు విప్పే సభ' మొదలైంది. ప్రతివారూ లేచి తమ తప్పొకటి చెప్పాలి. ధైర్యంగా చెప్పినవాళ్ళకి ధైర్య పతకం. పెట్టెల మూలలకి వేసే ఇత్తడి రేకుతో చేసిన బిళ్ళ అది, దానికి ఎర్ర రిబ్బను.

మొదటి సభలో ఎవరూ నోరు విప్పలేదు. చివరికి కటింగ్ అక్క లేచింది. హాల్లో గుడ్డ కత్తిరించే ఆడవాళ్ళందరికీ పెద్ద. గొంతులో పాతాయనకి సాటి.

"నేనే చెబుతాను. పోయిన వారం నీలం రంగు థాను మొత్తం అడ్డంగా కత్తిరించేశాను. కొలత తప్పు చూశాను. అది ఇక గొడుక్కి పనికిరాదు. తప్పు నాదే" అంది.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు! కొత్తాయన కళ్ళు చెమర్చాయి. "ఇది! సరిగ్గా ఇదే నాకు కావాల్సింది!" అంటూ స్వయంగా పతకం పెట్టారు. ఫోటో తీశారు. శనివారం నాడు కటింగ్ అక్కని ఊరవతల గోడౌనుకి బదిలీ చేశారు.

"శిక్ష కాదు, శిక్ష కానే కాదు! ప్రశాంత అధ్యయనం" అన్నారు కొత్తాయన నవ్వుతూ. "తప్పు చేసినవారికి తమ తప్పు గురించి ఆలోచించుకోవడానికి ప్రశాంతత కావాలి. ఆ గోడౌనులో ఎంత ప్రశాంతత అంటే, అక్కడికి బస్సు కూడా వెళ్ళదు!"

ఆ కాగితం మీద సంతకం సర్దుబాటు చేత పెట్టించారు. "సర్దుకుపో అక్కా" అని ఆయన గొణిగాడు. అక్క కత్తెర చీర కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

అంతే, హాలంతటికీ జ్ఞానోదయమైంది. మరుసటి సోమవారం నుంచి తప్పుల తీరే మారిపోయింది.

"నా తప్పేమిటంటే, నేను పనిని మరీ ఎక్కువగా ప్రేమిస్తాను" అన్నాడు ఇస్త్రీ గద్గద స్వరంతో.

"నా తప్పేమిటంటే, ఇంటికెళ్ళాక కూడా కంపెనీ గురించే ఆలోచిస్తాను" అన్నాడు లెక్కలాయన.

"సారు మాట్లాడుతుంటే వినడంలో లీనమై రాసుకోవడం మర్చిపోయాను" అంది టైపిస్టు.

కొత్తాయన ఒక్కొక్కరి తప్పుకీ తలాడించి ఆనందించారు. ఇటువంటి తప్పులకి పతకం లేదు గానీ పొగడ్త ఉండేది. క్రమంగా తప్పులకి గిరాకీ పెరిగింది. "బాబాయ్, నీ దగ్గర మంచి తప్పేమైనా ఉందా? రేపు నా వంతు" అని ఆదివారాలు ఒకరి ఇంటికొకరు వెళ్ళేవారు. ఒకరు చెప్పిన తప్పే ఇంకొకరు చెప్పి పట్టుబడితే పరువు తక్కువ. గుమాస్తాలిద్దరు ఒకే తప్పు తనదంటే తనదని మెట్ల మీద కొట్టుకున్నారు కూడా!

సర్దుబాటుకి మాత్రం ఏ తప్పూ దొరకలేదు. ఒకనాటి సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి భార్యనడిగాడు.

"ఇదిగో, నాలో ఉన్న తప్పేదైనా ఒకటి చెప్పవూ? ఆఫీసులో కావాలట."

ఆవిడ ముందు పొయ్యి ఆర్పింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. స్టూలు లాక్కుని కూచుంది.

"ఒకటేనా?" అంది.

ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ రాస్తే చదివే మగవాళ్ళు నొచ్చుకుంటారు. తడి తువ్వాలు మంచం మీద వెయ్యడం దగ్గర మొదలై, ఆయన చెల్లెలి పెళ్ళిలో జరిగిన మాట పట్టింపు మీదుగా, నిన్నటి గురక దాకా సాగింది. సర్దుబాటు ఓపిగ్గా విన్నాడు గానీ, ఏదీ ఆఫీసులో పనికొచ్చేలా లేదు.

"కంపెనీని పొగిడినట్టుండే తప్పు కావాలే."

"అయితే నాకు తెలీదు. కానీ మీ అసలు తప్పొకటుంది, వింటానంటే చెబుతా" అంది ఆవిడ. "పెళ్ళయిన కొత్తలో నేను కూర మాడ్చేస్తే 'బ్రహ్మాండంగా ఉంది' అన్నారు. మీకు మాడిన కూరే ఇష్టం కాబోలనుకుని ఇన్నేళ్ళుగా అలాగే మాడుస్తున్నాను. నాకూ అదే తినక తప్పడం లేదు!"

అయినా సర్దుబాటు ఆ పూట కూడా కూర బాగుందనే అన్నాడు.

ఇంతలో కొత్తాయనకి గొప్ప ఆలోచన వచ్చింది. రెండు కంపెనీల కలయికకి గుర్తుగా ఒక వస్తువుండాలి. పెట్టె గొళ్ళేన్ని గొడుగు పిడిలో బిగిస్తే? బొత్తాం నొక్కగానే గొడుగు టప్పున తెరుచుకుని, గొళ్ళెం పడి, ఎంత గాలి వీచినా ముడుచుకోకుండా నిలబడుతుంది! దానికి 'కలయిక గొడుగు' అని పేరు కూడా ఆయనే పెట్టారు. నమూనాని స్వయంగా తెరిచి చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయి, తెరిచినదాన్ని తెరిచినట్టే వెనక్కి అందించి వెళ్ళిపోయారు.

కొత్తాయన దేన్నీ తన చేత్తో మూసి ఎరగరు. తలుపులు తెరుచుకుని వస్తారు, మూసేవాళ్ళు వెనకాల ఉంటారు. కొళాయి కూడా అంతే. అందుచేత గొడుగు మూసుకుంటుందా లేదా అనే ప్రశ్న ఆయనకి తట్టే అవకాశమే లేదు.

గొడుగులకి ఊచలూ స్ప్రింగులూ బిగించే పెద్దాయన, హాల్లో అందరికీ స్ప్రింగు బాబాయి, మర్నాడు ఒక తెరిచిన గొడుగు పట్టుకుని అడ్డంగా, నిలువుగా, చివరికి ఏటవాలుగా సర్దుబాటు గదిలోకి దూరాడు.

"మేనేజరుగారూ, ఇది మూసుకోవడం లేదండీ. ఆ గొళ్ళెం పెట్టెలది. ఒకసారి పట్టుకుందంటే వదలదు."

"నూనె వేశావా?"

"వేశాను. బతిమాలాను కూడా."

"ఇది సారు ఆలోచన బాబాయ్."

"తెలుసండీ. అందుకే మీకు చెబుతున్నాను."

సర్దుబాటు కిటికీలోంచి బయటికి చూశాడు. మూల ఉన్న ఆ ఒక్క కుర్చీ వైపు చూశాడు. "సర్దుకుపోదాం. ఇంకెవరికీ చెప్పకు" అన్నాడు.

ఆ సాయంత్రం నమూనా మీద అభిప్రాయాలడిగినప్పుడు కొత్తాయన ముందు ఇద్దరు మేనేజర్లూ పోటీ పడ్డారు.

"సార్, ఇంత దృఢంగా తెరుచుకునే గొడుగుని నేనింతవరకూ చూడలేదు" అన్నాడు ఇస్త్రీ.

"అసలు గొడుగనేది తెరుచుకోవడానికే కదండీ. మూసిన గొడుగు కర్రతో సమానం" అన్నాడు సర్దుబాటు. అని, తన మాటకి తనే లోలోపల సిగ్గుపడ్డాడు. కొత్తాయన ఆయన భుజం తట్టారు. ఆ రోజుకి సర్దుబాటుదే పైచేయి.

కలయిక దినం వచ్చింది. పెట్టెల కంపెనీ హెడ్డాఫీసు నుంచి కొత్తాయనకి కూడా పై అధికారి అయిన మేడమ్, ఆవిడ వెంట పెద్దలు, పెద్ద పెద్ద కొనుగోలుదార్లు వచ్చారు. కోరి పిలిచినట్టు పొద్దున్నుంచే వాన! కొత్తాయన సంతోషం పట్టలేకపోయారు. గేటు దగ్గర ప్రతి ఒక్కరికీ ఒక కలయిక గొడుగు ఇచ్చారు. "ఒకటీ, రెండూ, మూడూ!" అనగానే అన్నీ టప్ టప్ టప్పున తెరుచుకున్నాయి. ఆవరణ నిండా రంగురంగుల గొడుగులు. నిజంగా కన్నుల పండువే. ఫోటోలు తీశారు. గొడుగుల ఊరేగింపు ఆవరణ దాటి కుట్టుహాలు గుమ్మం దాకా చేరింది.

ముందు కొత్తాయన. గొడుగు గుమ్మానికి రెండువైపులా తగిలింది. నవ్వి, వెనక్కి వచ్చి, బొత్తాం నొక్కారు. మళ్ళీ నొక్కారు. తర్వాత అలవాటు ప్రకారం, మూసేవాళ్ళ కోసం వెనక్కి చూశారు. వెనక ఉన్నవాడి చేతిలోనూ తెరిచిన గొడుగే! వాడి వెనకవాడి చేతిలోనూ అంతే. ఆవరణంతా పెద్దమనుషులు గొడుగులతో కుస్తీ పడుతున్నారు. ఒకాయన గొడుగు మీద కూర్చుని కూడా చూశాడు. గొడుగు ఆయన్ని లేపి నిలబెట్టింది.

మేడమ్ మంచి తెలివైన మనిషి. గొడుగు నేలమీద పెట్టేసి, తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి నడిచింది. మిగిలినవాళ్ళూ అదే చేశారు. వదిలేసిన గొడుగులు గాలికి ఆవరణలో దొర్లుతూ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. కొత్తాయన మాత్రం గొడుగు వదల్లేదు. కలయికకి గుర్తు అది, ఆయన చేత్తో ఆయనే ఎలా కింద పెడతారు? గుమ్మం బయటే గొడుగు కింద నిలబడ్డారు. లోపల్నుంచి మైకు బయటికి అందించారు.

"ఈ లోపం ఎవరిది?" అని మేడమ్ అడిగింది.

కొత్తాయన నవ్వు చెక్కుచెదరలేదు. "మంచి ప్రశ్న, మేడమ్! మా సంస్కృతి మీరు కళ్ళారా చూడబోతున్నారు. ఇక్కడ ఎవరూ తప్పు దాచరు" అని, గుమ్మం పక్కనే ఉన్న సర్దుబాటుని దగ్గరికి పిలిచి, మైకు చేత్తో మూసి, చెవిలో అన్నారు: "నీదని చెప్పు. కుర్చీ నీదే."

ఇస్త్రీ మడత నలగకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.

సర్దుబాటు మైకు అందుకున్నాడు. కోరుకున్నదంతా ఒక్క మాట దూరంలో ఉంది. "తప్పు నాదే" అంటే చాలు. సర్దుకుపోవడంలో ఆయనకి ఆయనే సాటి కదా. కానీ ఎదురుగా వరసలో స్ప్రింగు బాబాయి తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ పక్కన, కటింగ్ అక్క బల్ల ఖాళీగా ఉంది. ఎందుకో తెలియదు, నోట్లో మాడిన కూర రుచి తగిలింది.

"తప్పు నాదే, మేడమ్" అన్నాడు. కొత్తాయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "ఈ గొడుగు మూసుకోదని నాకు ముందే తెలుసు. స్ప్రింగు బాబాయి వచ్చి చెప్పాడు. నేనే నోరు మూయించాను. పైగా మూసిన గొడుగు కర్రతో సమానమని పొగిడాను. అది నా తప్పు, చాలా పెద్ద తప్పు. ఎందుకు చేశానంటే, ఈ గొడుగు సారు ఆలోచన. సారు తప్పుని తప్పనడానికి నాకు భయం. అంచేత గొడుగు తప్పు మాత్రం సారుదేనండీ. అంత పెద్ద తప్పుని నాదని చెప్పుకుంటే ఆయనకి అన్యాయం చేసినట్టవుతుంది!"

అని, బల్ల మీద ఉన్న పతకాల పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని, గుమ్మం బయటికి వెళ్ళి, గొడుగు కింద నిలబడ్డ కొత్తాయన కోటుకి గుచ్చాడు.

హాల్లో చప్పట్లు మోగాయి. ఈసారి ఎవరూ మేనేజరు మొహం చూసి కొట్టలేదు. అతిథులు ఇదంతా కార్యక్రమంలో భాగమేననుకుని లేచి నిలబడి మరీ కొట్టారు. కొత్తాయన మొహం ఎర్రగా, తెల్లగా, మళ్ళీ ఎర్రగా మారింది. కాదంటే సంస్కృతి పోతుంది, ఔనంటే పరువు పోతుంది. నవ్వక తప్పలేదు.

"బాగుంది" అంది మేడమ్. "పతకం వచ్చినవాళ్ళని తర్వాత ఏం చేస్తారు?"

వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి నిజాయితీగా కేకేశాడు: "గోడౌనుకి పంపుతారమ్మా! ప్రశాంత అధ్యయనానికి. కలిసిన సారు పెట్టిన పద్ధతే!"

మేడమ్ గోడమీది పెద్ద అక్షరాలని ఒకసారి చదువుకుంది. "నాయకుడే సంస్కృతి అని మీరే రాయించారు కదా. అయితే పద్ధతి మీతోనే మొదలవ్వాలి" అంది చాలా గౌరవంగా.

తప్పొప్పుకున్నందుకు సర్దుబాటుకీ పతకం వచ్చింది. కుర్చీ ఇస్త్రీకి దక్కింది. పనిని మరీ ఎక్కువగా ప్రేమించినవాడు మరి! ఆ పూట ఇంటికెళ్ళి భోజనానికి కూర్చున్న సర్దుబాటు, మొదటి ముద్ద తిని ఆగాడు.

"కూర మాడింది" అన్నాడు.

భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అమ్మయ్య, ఇన్నేళ్ళకి!" అంది. ఉద్యోగం సంగతి ఆ తర్వాతెప్పుడో అడిగింది.

మరుసటి వారం సర్దుబాటు, కొత్తాయనా ఒకే రిక్షాలో గోడౌనుకి చేరుకున్నారు. రిక్షా వెనకాల తెరిచిన కలయిక గొడుగు కట్టి ఉంది. గోడౌనులో పెత్తనమంతా కటింగ్ అక్కదే. సర్దుబాటుని చూడగానే ఆవిడ గుడ్డల మూట దింపి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రండి మేనేజరుగారూ, రండి! ఆ రోజు చప్పట్లు మొదలుపెట్టింది మీరు కాదూ? నన్నిక్కడికి తోలే కాగితం మీద సంతకం పెట్టిందీ మీరే కదా? పైగా 'సర్దుకుపో అక్కా' అంటారా? నోరెలా వచ్చిందండీ మీకు? ఇన్నేళ్ళు ఒకే హాల్లో పని చేసి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడ్డం పడలేకపోయారా!"

గోడౌను రేకులు అదిరాయి. సర్దుబాటు తల వంచుకుని మొత్తం విన్నాడు. ఒక్క మాటకీ సర్ది చెప్పుకోలేదు.

సరిగ్గా అరగంట తర్వాత ఆయన ముందు ఒక కప్పు టీ వచ్చింది. పొగలు కక్కుతూ, అక్క సొంత కప్పులో. జీవితంలో మొదటిసారి తనకి వచ్చిన ఆ టీని రెండు చేతులతో పట్టుకున్నాడు సర్దుబాటు. కళ్ళు చెమర్చాయి. ఆ కుర్చీలో ఎన్నేళ్ళు కూర్చున్నా ఇంత నిశ్చింతగా ఉండేవాడు కాదు.

పక్క మూట మీద కూర్చున్న కొత్తాయన ఆ కప్పు వైపు చూశారు. వానలో వచ్చారేమో, పాపం చలేస్తోంది. "మరి నా టీ?" అన్నారు మర్యాదగానే.

అక్క కెటిల్ తీసింది. ఇంకో కప్పు కడిగి సగం దాకా పోసింది. "ఇస్తానండీ, దానికేం! ఇక్కడి పద్ధతేమిటంటే, ముందు మీ తప్పేమిటో మీ నోటితో చెప్పాలి. నేను తిట్టాలి. ఆ తర్వాత టీ" అంది.

కొత్తాయన కోటు మీది పతకాన్ని సవరించుకున్నారు. గొంతు సవరించుకున్నారు. ఒక గుడ్డల మూట ఎక్కి నిలబడ్డారు.

"నా తప్పేమిటంటే," అన్నారు బరువైన గొంతుతో, "మీ అందర్నీ నేను మరీ ఎక్కువగా నమ్మాను."

అక్క తిట్టలేదు. పోసిన టీని తిరిగి కెటిల్లో పోసి, మూత పెట్టేసింది.